మస్తానయ్యకు రెండేళ్ళ జబ్బు

కాదు, మొన్న సభలో ఒప్పుకోలేదు, ఇక్కడ రాతలోనూ ఒప్పుకోను. "మా ట్రస్ట్ లేకపోతే మస్తానయ్య ఇంకా చేపలు పట్టుకుంటూ ఉండేవాడు" అని వార్షికోత్సవంలో మా సెక్రటరీగారు అంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేవబోతే పక్కావిడ కొంగు పట్టి కూర్చోబెట్టింది. నా కోపం సంగతి ఆఫీసంతా తెలుసు. అయినా ఆ రోజు మస్తానయ్య ఊళ్ళో ఉన్నది నేను. ఆయన కాదు.

అది 1962. మద్రాసులో పుట్టి పెరిగి, ఉద్యోగానికి నెల్లూరు వచ్చిన కొత్త. బుచ్చిరెడ్డిపాలెం వడ్ల వ్యాపారి ఒకాయన పెట్టిన ట్రస్ట్‌లో క్లర్కుని. సోషల్ వర్క్, అంటే కష్టంలో ఉన్న జనానికి ఆసరా ఎలా అందించాలో నేర్పే చదువు, చదవాలనుకునేవాళ్ళకి స్కాలర్‌షిప్ ఇస్తాం. కాలేజీలకు ట్రంక్ కాల్స్ బుక్ చేసి, ఎక్స్ఛేంజి వాళ్ళు పైఊరి లైను కలిపేదాకా రిసీవర్ పట్టుకుని కూర్చోవడం నా పని. "ఫోను లాక్కుంటే ఈ అమ్మాయికి మాట పడిపోతుంది" అని ఆఫీసులో ఎగతాళి చేసేవారు. నిజమే, ఇప్పటికీ అంతే.

ఆ ఏడు మేం ఎంపిక చేసిన మొదటి పేరు మస్తానయ్య. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. ఆ ఊళ్ళో బి.ఏ. దాకా వచ్చినవాడు అతనొక్కడే. మద్రాసులో సీటు వచ్చింది, మా డబ్బు సిద్ధంగా ఉంది. క్లాసులు మొదలైనాక కాలేజీ నుంచి ఫోను.

"మీ స్టూడెంట్ రాలేదు. సోమవారం దాకా చూస్తాం. తర్వాత సీటు వేరేవాళ్ళకి."

సెక్రటరీగారు నింపాదిగా, "రెండో పేరు తియ్యమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఒక మాట అడగకుండా తీసేస్తామా? మర్నాడే బస్సెక్కి వాకాడులో దిగి, ఒంటెద్దు బండిలో కొంత, ఇసకలో నడిచి కొంత వెళ్ళాను.

మస్తానయ్య గుడిసె ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు.

"ఏమయ్యా, మద్రాసులో సీటు ఎండబెట్టి ఇక్కడ వల అల్లుకుంటున్నావా?"

అతను లేచి నిలబడ్డాడు. "పోతే వంతు పోతాదక్కా."

సరస్సులో రొయ్య బాగా పడే చోట్లు కొన్నే. అక్కడ ఎవరు ఏనాడు వల వేయాలో ఊరంతా చేరి చీట్లు తీసి వంతులు వేసుకుంటుంది. ఊళ్ళో ఉన్న మగవాడికే వంతు. ఊరు విడిస్తే లేదు. తండ్రి చనిపోయాక ఆ ఇంటి వంతు మస్తానయ్యది. తల్లి పోలమ్మ, చెల్లెలు దాని మీదే తింటున్నారు. మా స్కాలర్‌షిప్ అతని ఫీజుకి, హాస్టలు కూడుకి సరిపోతుంది. ఇంటికి ఏమీ మిగలదు.

"ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు గదా. మార్కులడిగినారు, ఆశయాలడిగినారు."

నేరుగా ఊరిపెద్ద ఆర్ముగం దగ్గరికి వెళ్ళాను. సాయంత్రానికి ఆయన వాకిట్లో ఇసక మీద మగవాళ్ళు చేరారు. ఆడవాళ్ళు దూరంగా నిలబడ్డారు. మీ కట్టుబాటు అన్యాయం అని నేను గట్టిగానే అన్నాను.

"అన్యాయం ఏందమ్మాయ్?" ఆర్ముగం గొంతు పెంచలేదు. "రేపొకడు నెల్లూర్లో అంగడి పెట్టుకోని, నా వంతు నాకియ్యండంటాడు. ఇయ్యాల్నా?"

"ఇతను అంగడి పెట్టుకోవడానికి పోవట్లేదే!"

"మరి దేనికి పోతాడంట?"

నేను సంక్షేమం, సమాజం, అభ్యున్నతి అంటూ మొదలుపెట్టాను. ఒక ముసలాయన ఆవులించాడు. వెనక నుంచి ఎవరో, "పాపకి నోట్లోనే ఫోనుండాదిరా!" అన్నారు. అందరూ నవ్వారు. నా మొహం మాడిపోయింది.

అప్పుడు మస్తానయ్య నోరు విప్పాడు. "మామా, గాలివానప్పుడు సాయమని వచ్చినోళ్ళు ఏం చేసినారు? కూలిన ఇండ్లు రాసుకున్నారు, చచ్చిన ఎద్దులు రాసుకున్నారు. పడవ రాసినారా? వల రాసినారా? వాళ్ళకి మన బతుకు తెలవదు. చెప్పేదానికి మనోడు ఒకడు ఆ కుర్చీలో ఉండాల. అందుకే పోతానన్నా. కానీ అమ్మ పస్తుంటే నాకు ఆడ సదువు ఎక్కదు."

ఎవరూ నవ్వలేదు. దూరం నుంచి పోలమ్మ అంది: "ఆర్ముగం అన్నా, మా ఇంటాయన కాలిరిగి మంచాన పడ్డప్పుడు మా వంతు ఎవురు ఏసినారు?"

"ఊరు ఏసింది."

"మరి?"

ఆర్ముగం గడ్డం గోక్కున్నాడు. ఊళ్ళో ఉన్న కట్టుబాటే అది. జబ్బు పడ్డవాడి వంతు ఊరివాళ్ళు మార్చి మార్చి వేస్తారు, పట్టిన రొయ్య వాళ్ళింటికి చేరుస్తారు. మా ఆఫీసులో దాన్ని సిక్ లీవు అంటాం. కాకపోతే మాకు డాక్టరు సంతకం కావాలి.

"సరే. ఈ పిల్లోడికి జబ్బు చేసింది" అన్నాడాయన. "సదువు జబ్బు. రెండేండ్లకి గానీ తగ్గదు. ఎవురికైనా అనుమానముందా?"

"అంటుకునే జబ్బేనా మామా?" అన్నాడొక కుర్రవాడు.

"అంటుకుంటే బాగుణ్ణు. నీకు మాత్రం అంటుకోదులే."

నవ్వుల మధ్య పోలమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. నేనూ అటు తిరిగి ముక్కు చీదుకున్నాను.

గూడూరు పోస్టాఫీసు నుంచి మద్రాసుకు ఫోను కలిపించాను. "సోమవారం చేరుతున్నాడు."

"ఆలస్యానికి కారణం?"

"జబ్బు సార్. ఊరంతా చూసుకుంటోంది."

చేరాడు. ఆ రెండేళ్ళూ ఆ ఇంటి వంతు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు వాళ్ళ వల, వాళ్ళ పడవ వేసుకుని వెళ్ళి, పట్టింది తెచ్చి పోలమ్మ గుమ్మంలో పోశారు. మస్తానయ్య సెలవులకు వస్తే రేవులోనే అడిగేవారట, "ఏంరా, జబ్బు ఎట్లుండాది?" అని. "ఇంకా ముదిరింది మామా" అనేవాడట. ఇప్పుడు ఆ తీరంలోనే సోషల్ వర్కరుగా పనిచేస్తున్నాడు. పోయినసారి గాలివానకి సాయం చేసేవాళ్ళు వస్తే, వాళ్ళ ముందు నడిచి పడవలూ వలలూ చూపించి రాయించింది అతనే.

ఆ ఊరి దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే. ఇప్పుడు ఎవరిని ఎంపిక చేసినా ముందు వాళ్ళింటికి వెళ్ళి అడుగుతాను: "నువ్వు పోతే నీ పని ఎవరు చేస్తారు?" ఆ ప్రశ్న నాకిచ్చినందుకు ఆర్ముగం పెద్దాయనకి, పోలమ్మకి, పేర్లు తెలియని ఆ చేతులన్నిటికీ దండం పెడుతున్నాను.

ఇక సెక్రటరీగారూ, మీ మాటకే వస్తున్నా. మన ట్రస్ట్ గోడ మీద దాతల పేర్లు చెక్కిన రాయి ఉంది. దాని మీద ఆ ఊరి పేరు ఉండకూడదని నా మొహం మీద చెప్పగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?