కారం వెయ్యని కొరమీను

కారం లేని చేప నీసు కొడుతుందని మా ఇంట్లో అందరూ మొహం చిట్లిస్తారు. నేనలా అనలేను.

యుద్ధం రోజులు. బెజవాడ నుంచి గుడివాడ వెళ్లే ప్యాసింజరులో నా ఎదుటి బల్ల మీద ఒక పెద్దావిడ కూర్చుంది, ఒళ్లో ఇత్తడి క్యారేజీ పెట్టుకుని. ఆకలికి నా రెండేళ్ల కొడుకు ఏడుపు అందుకుంటే ఆవిడే మూత తీసింది. మెత్తటి అన్నం, తెల్లటి కొరమీను ముక్కలు.

"కారం, పులుపు వెయ్యలేదమ్మా. ఉప్పు, పసుపు, కాసిని మిరియాలు, అంతే. జ్వరం పడి లేచినోళ్లకి ఇట్టాగే వండాలి."

ప్రతి ముక్కనీ రెండుసార్లు వేళ్లతో నొక్కి, ముల్లు లేదని చూసుకుని వాడి నోట్లో పెట్టింది. వాడు ఏడుపు మానాడు.

"ఎవరికండీ తీసుకెళ్తున్నారు?" అన్నాను.

"తీసుకెళ్లి తిరిగి తెస్తున్నానమ్మా. ఆసుపత్రిలో మా అబ్బాయికి. నిన్ననే పోయాడంట. నేను చేరేసరికి మట్టి చేసేశారు."

అంతలోనే చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మైల మనిషిని. చెప్పకుండా పసోడికి పెట్టేశాను. తప్పు చేశానమ్మా."

మా అత్తగారు వింటే వాడికీ నాకూ గుమ్మంలోనే నీళ్లు కుమ్మరించేది. నేను చెయ్యి చాపాను.

"నాకూ ఒక ముద్ద పెట్టండి."

ముళ్లు ఏరుకు తినగల వయసే నాది. అయినా ఆవిడ ఆ ముక్కనీ రెండుసార్లు నొక్కి చూసి పెట్టింది.