పరుగెత్తడానికి ఒక ఊరు

ఈ సాయంత్రం పాప గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు పరుగెత్తింది. ఆ చిన్న పాదాల చప్పుడు వినిపించిందో లేదో, పక్క వాటాలోంచి ఇంటావిడ కేకేసింది. "ఏంటమ్మా ఆ గెంతులు! ఆడపిల్లేనా?" మా ఆయన పేపరు దించకుండానే "కూర్చో తల్లీ" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పాప నిద్రపోయింది గాని ఆ మంట చల్లారలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ చప్పుడుకు రేపల్లెలో మా డ్రిల్ టీచరు సుగుణమ్మగారు గుర్తొచ్చారు. కుచ్చెళ్లు ఎగదోపుకుని మాతోపాటు పరుగెత్తే మనిషి. మా బడిలో మగపిల్లలకు మైదానం, మాకు వంటపాక వెనక కాస్త చోటు. ఆవిడ మమ్మల్ని మైదానంలోకి తీసుకెళ్లి ఖోఖో ఆడించారు. మా నాన్న వచ్చి నిలదీశారు.

"ఆడపిల్లలకి పరుగులేంటండి, టీచరుగారూ?"

"కుక్క తరిమితే ఏం చెయ్యమంటారండి?" అన్నారావిడ.

మేము నవ్వాపుకోలేకపోయాం. నాన్న నవ్వలేదు.

ఒక ఆదివారం మమ్మల్ని తెనాలి మీదుగా రైల్లో బాపట్ల తీసుకెళ్లి, అక్కణ్ణుంచి జట్కాల్లో సముద్రానికి చేర్చారు. అలలు చూడగానే వెనక్కి జరిగాను. "నేను ఒడ్డునే కూర్చుంటానండి" అన్నాను. "భయమైతే నా చెయ్యి పట్టుకో. కూర్చోవడం మాత్రం కుదరదు" అన్నారు. అల మోకాళ్లను కొట్టింది. పరికిణీ తడిసి బరువెక్కింది. నోరారా అరిచి నవ్వడం నాకదే మొదలు.

ఇసుక అంటిన పరికిణీలతో రైలు దిగుతుంటే ఊరు చూసింది. పెద్దమనుషులు బడికి వెళ్లారు, వాళ్లలో మా నాన్న ఒకరు. నెల తిరక్కముందే ఆవిడను పంపేశారు. మమ్మల్ని మళ్లీ వంటపాక వెనక్కి తోశారు. ఆ కోపం నాకింకా పోలేదు. పోవాలని కూడా లేదు.

ఇప్పుడు మా ఆయన ఇక్కడే తెనాలిలో ఉండిపోవచ్చు, లేదా బాపట్ల గాని రేపల్లె గాని బదిలీ కోరుకోవచ్చు. ఏ ఊరో రేపు ఆఫీసులో చెప్పాలి. "ఇక్కడ డాక్టర్లున్నారు, సినిమాహాళ్లున్నాయి. ఇంకేం కావాలి?" అన్నారు. పాప ఎక్కడ ఆడుకుంటుందని అడిగాను. "ఆటల కోసం ఊరు మారతారా ఎవరైనా?" అని నవ్వారు.

నేను మారతాను. అక్కడ జ్వరమొస్తే? అల లాగేస్తే? పాప పక్కన పడుకుని ఇవన్నీ తలుచుకునేది నేనే, ఆయన కాదు. అయినా పొద్దున్నే బాపట్ల అని చెబుతాను. ఆయన మళ్లీ నవ్వితే మళ్లీ చెబుతాను. సముద్రాన్ని చూసి పాప భయపడుతుంది. నేనూ భయపడతాను. చెయ్యి పట్టుకుంటాను. కూర్చోవడం మాత్రం కుదరదు.