మైకు కాటమరాజు చెప్పిన మాట

మార్కాపురంలో కాటమరాజు మొహం తెలియనివాళ్ళకు కూడా అతని గొంతు తెలుసు. పాతికేళ్ళుగా ఆటోకు మైకు కట్టుకుని బేస్తవారిపేట నుంచి కొనకనమిట్ల దాకా తిరిగాడు. చీరల తగ్గింపు ధరలు, కంటి వైద్య శిబిరాలు, తిరునాళ్ళు, తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు, అన్నీ ఆ గొంతులోనే జనానికి చేరేవి.

రెండేళ్ళ కిందట స్వభూమి సేన అనే పార్టీ ఊళ్ళో ఆఫీసు తెరిచింది. ఈ నేల మీద పుట్టిన దేవుళ్ళను కొలిచేవాళ్ళదే ఈ దేశమనీ, మిగిలినవాళ్ళు ఎన్ని తరాలు బతికినా అతిథులేననీ, అతిథులు అణిగి ఉండాలనీ వాళ్ళ సిద్ధాంతం. కాటమరాజుకు అంతకుముందు ఇలాంటివి పట్టేవి కావు. కానీ వాళ్ళు అతన్ని వేదిక ఎక్కించి, శాలువా కప్పి, ప్రచార కార్యదర్శి అన్నారు. పాతికేళ్ళలో ఏ పార్టీ కూడా అతనికి వేదిక మీద కుర్చీ వేయలేదు. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్ళ మాటలన్నీ తన మాటలైపోయాయి.

అతని కాలనీలోనే నిజాముద్దీన్‌కు నీళ్ళ ప్లాంటు ఉండేది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి వీధులన్నీ అతని క్యాన్ల మీదే ఆధారపడేవి. కాటమరాజు భార్య నాగవేణికి మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయిన ఏడాది, నిజాముద్దీన్ రోజూ క్యాను తనే మోసుకొచ్చి వంటింట్లో దించి వెళ్ళేవాడు.

ఒకరోజు అందరి ఫోన్లలోకి ఒక సందేశం వచ్చింది. నిజాముద్దీన్ నీళ్ళలో మందు కలుపుతున్నాడనీ, అవి తాగిన మన ఆడవాళ్ళకు పిల్లలు పుట్టరనీ. దాన్ని మైకులో చెప్పమన్నాడు పార్టీ ఇన్‌చార్జి. నిజమేనా అని కాటమరాజు ఒక్కసారి అడిగాడు. నీళ్ళు పరీక్షకు పంపుతాం, ముందు జనాన్ని మేలుకొలుపు అన్నాడు ఇన్‌చార్జి. కాటమరాజు మళ్ళీ అడగలేదు.

“తల్లులారా, మీ కడుపులు కాపాడుకోండి. ఆ ప్లాంటు నీళ్ళు ముట్టుకోకండి.”

మూడు రోజులు ఆ మాటతోనే ఆటో తిప్పాడు. ఆ మూడు రోజులూ పొద్దున్నే తను తాగి బయలుదేరింది ఆ నీళ్ళే.

జనం క్యాన్లు తెచ్చి ప్లాంటు ముందు పారబోశారు. ఎవరో మోటారు పగలగొట్టారు. అధికారులు వచ్చి పరీక్ష చేయించి, నీళ్ళలో ఏ దోషమూ లేదని తేల్చారు. విషయం పేపర్లకెక్కగానే, తమకేమీ సంబంధం లేదనీ, అంతా ఒక మైకు మనిషి అత్యుత్సాహమనీ పార్టీ ప్రకటన ఇచ్చింది.

కాటమరాజు ఇంట్లో కూర్చుని పార్టీవాళ్ళను తిట్టాడు. నాగవేణి చాలాసేపు విని అంది: “వాళ్ళు అబద్ధమాడినారని నీకు ఇప్పుడు తెలిసిందా? నువ్వు ఆడేటప్పుడు తెలీలేదా?”

నన్ను మోసం చేసినారు అని చెప్పుకోవడానికి ఆ సాయంత్రమే నిజాముద్దీన్ ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో నిజాముద్దీన్ మనవరాలు ముబాషిరా ఆడుకుంటోంది. ఐదేళ్ళుంటాయి. స్టీలు గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని, “తల్లులారా, మీ కడుపులు కాపాడుకోండి” అని అచ్చం అతనిలాగే సాగదీసి బొమ్మలకు చెబుతోంది. అది తన తాత గురించేనని ఆ పిల్లకు తెలియదు.

నిజాముద్దీన్ భార్య జైనాబీ బయటికి వచ్చింది. కోపం లేకుండానే అంది.

“మూడు దినాలు ఇంటిముందరే తిరిగితివి గదన్నా. కంఠతా వచ్చేసింది దానికి.”

కాటమరాజు తల ఎత్తలేక, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చేశాడు.

మర్నాడు పొద్దున మైకు కట్టుకుని ఒక్కడే బయలుదేరాడు. ఏ వీధుల్లో తిరిగాడో ఆ వీధులన్నీ మళ్ళీ తిరిగాడు. “నిజాముద్దీన్ నీళ్ళ గురించి చెప్పింది అబద్ధం. చెప్పింది నేను, కాటమరాజుని. ఆ నీళ్ళు తాగుతానే చెప్పినాను.” జనం గడపల్లోకి వచ్చి విన్నారు, లోపలికి పోయారు. నాలుగో వీధిలో సేన కుర్రాళ్ళు అడ్డంపడి వైర్లు తెంపేశారు. అతను ముడివేసుకుని సాగాడు.

నాలుగైదు ఇళ్ళవాళ్ళు క్యాన్లు అడిగారు. మిగతావాళ్ళు అబద్ధమని ఒప్పుకున్నారు గానీ, ఎందుకొచ్చిన అనుమానం అని వేరేచోట తెచ్చుకున్నారు. రెండు నెలలకు ప్లాంటుకు తాళం పడింది. నిజాముద్దీన్ కుటుంబాన్ని తీసుకుని కనిగిరి వెళ్ళి, బావమరిది టైర్ల దుకాణంలో పనికి కుదిరాడు.

వేసవిలో కాటమరాజు అక్కడికి వెళ్ళాడు. తప్పు తనదేనని, ఈసారి ఎవరినీ అడ్డం పెట్టుకోకుండా చెప్పాడు. నిజాముద్దీన్ టీ తెప్పించాడు. నాగవేణి వదిన మోకాళ్ళు ఎట్లున్నాయని అడిగాడు. బస్సు వేళైందని కాటమరాజు లేస్తూ, ఈ ఊళ్ళో కూడా మైకు కట్టి నీ మంచితనం నలుగురికీ చెప్తానన్నాడు.

“వద్దన్నా,” అన్నాడు నిజాముద్దీన్. “ఈడ నేనెవురో ఎవురికీ తెలీదు. మైకులో నా పేరు ఎత్తొద్దు. మంచికైనా సరే.”

కాటమరాజు తలూపి బస్సెక్కాడు. కండక్టరు ఎక్కడికని అడిగితే, మార్కాపురం అని అతనికొక్కడికే వినపడేంత మెల్లగా చెప్పాడు.