ఉమ్మితే వచ్చిన అంకె

ఊపిరి కొలిచే గొట్టం ఒకటుందని నాకు మొదట చెప్పింది మచిలీపట్నంలో ఉండే మా ఆడపడుచు. తొంభైల చివరి మాట. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు, ఉబ్బసం. గుడివాడలో పిల్లల డాక్టరు గారిని అడిగితే ఆయనే తెప్పించి ఇచ్చారు. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం, దాని మీద అంకెలు, ఊదితే ముందుకు జరిగే ఎర్ర ముల్లు. పొద్దునా సాయంత్రం పిల్లని నిలబెట్టి మూడుసార్లు ఊదించాలి, మూడింట్లో పెద్ద అంకె పుస్తకంలో రాయాలి. నూట అరవైకి దిగితే ఆ పూటే పిల్లని తన దగ్గరికి తీసుకురమ్మన్నారు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. బైబిలు వాక్యం చదువుకోవడానికి అక్షరాలూ, అధ్యాయాలు వెతుక్కోవడానికి అంకెలూ మా నాన్న గారు ఇంట్లోనే నేర్పారు. ఆ అంకెలు నా బిడ్డకి పనికొచ్చినందుకు రాసిన ప్రతిసారీ దేవునికి స్తోత్రం చెప్పుకునేదాన్ని. వర్షాకాలమంతా ముల్లు రెండువందలకి తగ్గలేదు. చర్చి స్త్రీల కూటంలో లేచి, దేవుడు చేసిన మేలు ఇదని అంకెలతో సహా సాక్ష్యం చెప్పాను. పాస్టరమ్మ గారు సంతోషించి, వచ్చే ఆదివారం చర్చిలో అందరి ముందూ చెప్పమన్నారు.

గుడ్లవల్లేరు పక్కన మా ఊరు. కొత్త ధాన్యం వచ్చి, ఆ వారమే వీధి చివర రైస్‌మిల్లులో పని మొదలైంది. ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ల బిందె మీద, పిల్ల ముక్కుల్లో అంతా ఊక కాలిన నల్లటి నుసి. శనివారం సాయంత్రం మూడుసార్లు ఊదినా నూట యాభై దాటలేదు.

మళ్ళీ ఊదమన్నాను. నాలుగోసారి, అయిదోసారి, ఏడోసారి. ఊదేకొద్దీ తగ్గుతోంది. నా తల నిండా రేపటి సాక్ష్యమే. చివరికి పిల్ల ఊదడం మానేసి, గొట్టంలోకి తుపుక్కున ఉమ్మింది. ముల్లు ఒక్కసారిగా రెండువందల పదికి ఎగిరింది. గొట్టం మూతి నుంచి ఉమ్మి తీగలా సాగి నా చేతి మీద పడింది.

అది ఊపిరి కాదని నాకు తెలుసు. చెయ్యి కొంగుకి తుడుచుకుని రెండువందల పది అని రాశాను. స్తోత్రం కూడా చెప్పాను.

మర్నాడు చర్చిలో పిల్లని పక్కన నిలబెట్టుకుని అంకెలు చదవడం మొదలుపెట్టాను. చర్చి ఊడ్చి చాపలు పరిచే మామ్మ ఒకావిడ వెనక గుమ్మం దగ్గర కూర్చునేది. ఆవిడ లేచి ముందుకొచ్చింది.

"అంకెలు తర్వాత చదువుదువుగాని అమ్మాయ్. పిల్ల గొంతు గుంట చూడు, ఎట్టా లోపలికి పోతందో."

చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద లోతుగా గుంట పడుతోంది. పెదాలు నేరేడు రంగులోకి తిరిగాయి. సాక్ష్యం పూర్తి కానివ్వమని ఎవరో మామ్మని కసిరారు. ఆవిడ వినిపించుకోలేదు. పిల్లని చంకనేసుకుని రోడ్డు మీదికి వెళ్ళి ఆటో ఆపింది. నేను వెనకాల పరిగెత్తాను. తన పెద్దకొడుక్కీ ఇట్టాగే గుంట పడేదని దారిలో చెప్పింది. ఆరేళ్లకే పోయాడట.

గుడివాడలో మందు ఆవిరి పెట్టాక పిల్ల తేరుకుంది. డాక్టరు గారు పుస్తకం తిరగేసి, నిన్న రెండువందల పది వచ్చిన పిల్లకి తెల్లారేసరికి ఇంత ఎలా ముదిరిందని అడిగారు.

"అది ఉమ్మితే వచ్చిందండి. అమ్మకి తెలుసు," అంది పిల్ల.

ఆయన ఆ అంకె కొట్టేసి పుస్తకం నా చేతికిచ్చారు. తిట్టినా బాగుండేది.

తర్వాతి కూటంలో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇలాంటివి అందరిలో ఎందుకండీ, పిల్ల బాగైంది కదా, ఆ మాట చెప్పండి చాలు అన్నారు పాస్టరమ్మ గారు. వారం కిందట నేనూ ఆ మాటే అనేదాన్నని తోచి, ఆవిడ మీదకన్నా నా మీద నాకే రోత పుట్టింది.

మామ్మ ఆ తర్వాత రెండేళ్లు బతికింది. ఆవిడ గురించి మా చర్చిలో ఎవరూ సాక్ష్యం చెప్పగా నేను వినలేదు. నా బిడ్డ ఊపిరి దేవుడు ఆవిడ చేతిలో పెట్టి కాపాడాడు. ఇది చదివినవాళ్ళు మీ ప్రార్థనలో ఆవిడని ఒక్కసారి తల్చుకోండి.