జరీ దండ కట్టిన పెట్టె

సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలితే నాకు రుక్మిణి మేడం గుర్తొస్తారు. ఈ ఉదయం మా ల్యాబులో యాంటెన్నా అతుకుతుంటే ఆ వాసనే లేచింది, ఆమె పక్కనే నిలబడి చూస్తున్నట్టు చెయ్యి దానంతటదే నెమ్మదించింది. రాజమండ్రి నుంచి చెన్నై వచ్చిన కొత్తలో, చింతాద్రిపేటలో ఆమె నడిపే చిన్న కంపెనీలో చేరాను. తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు నేత కుటుంబం వాళ్లది. చేపల పడవలకు బిగించే పెట్టెలు తయారుచేసేవాళ్లం. చిన్న బ్యాటరీతో నెలల తరబడి నడుస్తూ, పడవ ఎక్కడుందో ఒడ్డుకు రేడియోలో చెప్పడం వాటి పని. ఆ కబురు ఎంత దూరం నుంచి అందుతుందన్నదే మా తంటా అంతా.

"పవర్ పెంచేద్దాం మేడం," అన్నాను మొదటి వారమే, ఏదో కనిపెట్టినవాడిలా.

"పెంచితే బ్యాటరీ ఎన్నాళ్లుంటాది? అరిస్తే గొంతు పోతాది, అంతే దా. తక్కువ మాటలు, మెల్లగా చెప్పించు. నిదానమే ప్రధానం అని మీ పక్క అనరా?"

అలాగే చేశాం. కబురును నాలుగు అంకెలకు కుదించి, నెమ్మదిగా పంపించాం. యాంటెన్నాను మూరెడు పైకి లేపాం. ఉత్తరాన తిరువొత్తియూరు దాటిన పడవలు కూడా రాయపురం రేవులో పెట్టిన మా రిసీవరుకు కనిపించసాగాయి. నేను గాల్లో తేలిపోయాను.

తర్వాత ఆయుధపూజ వచ్చింది. రాయపురంలో ఆరు పడవల యజమానురాలు సెల్వి. ఆమె భర్త కూడా వాటిలోనే వేటకు వెళ్తాడు. పూజనాడు ఆ ఆరు పెట్టెలకూ నేనే గంధం పూసి, యాంటెన్నాలకు మెరిసే జరీ దండలు చుట్టాను. మర్నాటి నుంచి రేవు దాటగానే పడవలు మాయం. "నా మొగుడు ఎక్కడున్నాడో చెప్పని పెట్టె నాకెందుకు? శుక్రవారంలోగా బాగుచేయకపోతే అన్నీ పీకేస్తాను," అంది సెల్వి ఫోనులో. అవి మా తొలి పడవలు. అవి పోతే ఆ రేవులో మమ్మల్ని ఇంకెవరూ నమ్మరు.

మూడు రోజులు ఆఫీసులోనే కూర్చుని పెట్టెలోని ప్రోగ్రాముతో కుస్తీ పట్టాను.

"ఆడికి పోయి చూసినావా?" అన్నారు మేడం.

"లేదు మేడం."

"ఈడ కూర్చోని సముద్రాన్ని రిపేరు చేస్తావా? సరి, ఆటో పిలువు."

పడవ ఎక్కీ ఎక్కగానే తెలిసిపోయింది. జరీలోని లోహపు పోగు యాంటెన్నాను కమ్మేసి, కబురును అక్కడే నొక్కేస్తోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

"ఎవరు కట్టారు ఇది?" అని రేవులో నిలబడి చూస్తున్న సెల్వి తమిళంలో నిలదీసింది.

"నేనే కట్టమన్నా," అన్నారు మేడం తమిళంలోనే. "పూజ సందడిలో ఆలోచించలేదు. తప్పు నాదే."

దండలు నా చేత్తోనే తెంపాను. శుక్రవారం మధ్యాహ్నం సెల్వి భర్త పడవ ఎప్పటికంటే దూరం నుంచి కబురు పంపింది. సెల్వి పెట్టెలు పీకలేదు.

దండలు తెంపిన రోజునే, ఆటోలో తిరిగి వస్తూ మేడంను అడిగాను, ఎందుకలా చెప్పారని.

"నిజం చెప్తే ఆయమ్మ నిన్ను మళ్లా పడవ ఎక్కనిస్తాదా? రేపటి నుంచి ఎక్కాల్సింది నువ్వు గదా."

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ పడవలన్నీ ఎక్కాను. నాకు తెలిసిన పని సగం అక్కడే నేర్చుకున్నాను. పోయిన నెల, ఇప్పుడు నేను పనిచేసే కంపెనీలో కొత్తగా చేరిన అమ్మాయి, పెట్టెలన్నిటికీ తప్పు సెట్టింగ్ ఎక్కించింది. కస్టమర్ ముందు తల దించుకుని నిలబడింది. "చూసి సరేనన్నది నేనే," అన్నాను. అనే ముందు రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. మేడం ఒక్కసారి కూడా సవరించుకోలేదు.