మడుగులోంచి వచ్చిన జవాబు

దెయ్యాల కబుర్లు మొదలైతే మా ఇంట్లో ముందు నన్ను బయటికి పంపేసేవారు. అడ్డుప్రశ్నలు వేసి కథంతా పాడుచేస్తానని. ఇప్పటికీ దెయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే అంటాను. కానీ వడ్డాది ఊరు దాటాక ఏట్లో ఉన్న ఆ మడుగు ఒడ్డున తాడు పట్టుకుని కూర్చున్నది నేనే. మరి ఆ సంగతి కూడా చెప్పాలి కదా.

నేను, మా ఆయన రమణ చేపల సర్వేలు చేస్తాం. ఆయన నాకు స్వయానా మేనత్త కొడుకు, పెళ్లయ్యాక కూడా బావా అనే పిలుస్తాను. ఆనకట్టలు కట్టిన ఏటిలో ఏ చేపలు మిగిలాయి, ఎక్కడ దాక్కుంటున్నాయి, ఎక్కడ గుడ్లు పెడుతున్నాయి అని చూసి రాసివ్వడం మా పని. మొన్నామధ్య చెరుకు కోతలప్పుడు చోడవరంలో గది తీసుకుని దిగాం. పొద్దున్నే గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్ల వెనక ఇరుక్కుని, వాటిని తిట్టుకుంటూ ఏటికి చేరేవాళ్లం.

ఆనకట్ట కింద ఆ మడుగు ఉంది. పైనుంచి నీళ్లు దూకే హోరుకి పదడుగుల అవతలి మాట కూడా వినబడదు. అందుకని మడుగులోకి దిగేవాడు నడుముకి తాడు కట్టుకుంటాడు. రెండో కొస ఒడ్డున ఉన్నవాళ్ల చేతిలో ఉంటుంది. ఒడ్డు నుంచి ఒకసారి గుంజితే బాగున్నావా అని అడిగినట్టు. లోపలి నుంచి ఒకసారి గుంజితే బాగున్నానని చెప్పినట్టు. ఆగకుండా గుంజితే లాగెయ్యమని. రాళ్లలో చిక్కుకున్న వలలు విప్పడానికి అక్కడి జాలర్లు ఎప్పట్నుంచో ఇలాగే దిగుతారు. మేం పనికి కుదుర్చుకున్న జాలరి సింహాచలం మాకూ అదే నేర్పాడు.

ఆ రోజు ఎండ బాగా ఎక్కాక బావ కళ్లకి అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని దిగాడు. ఆనకట్ట వారన పెద్ద బండల వెనక కొర్రమీనులు ఉన్నాయేమో చూడాలి. బండల వెనక్కి వెళ్లాడంటే ఒడ్డుకి కనబడడు. సింహాచలం తెప్ప మీద దిగువకి వెళ్లి వల తీస్తున్నాడు.

నేను ఒడ్డున కూర్చుని, బకెట్లోని పరిగె చేపల్ని ఒక్కొక్కదాన్నీ కొలిచి నీళ్లలోకి వదులుతున్నాను. మధ్యమధ్యలో తాడు గుంజుతున్నాను. జవాబు వస్తోంది. ఒక్కసారే, మెత్తగా. బావ గుంజితే మామూలుగా భుజం ఊడొచ్చినంత పనవుతుంది. ఇవాళేమిటి ఇంత మర్యాద అని నవ్వుకున్నాను కూడా. 

చాలాసేపయింది. ఇంకా రాడేమిటని విసుగొచ్చి మళ్లీ గుంజాను. మళ్లీ బాగున్నాననే వచ్చింది.

అంతలో సింహాచలం తెప్ప మీంచి చేతులూపుతూ కనబడ్డాడు. నోరు కదులుతోంది, ఒక్క ముక్క వినబడదు. తెప్ప దగ్గరికొచ్చాక చూద్దును కదా, దాని మీద బావ బోర్లా పడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఒక కాలికి చర్మం లేచిపోయి నెత్తురోడుతోంది. నా చేతిలో తాడు మాత్రం ఇంకా బిగుతుగానే ఉంది.

"బావా, తాడేదీ?" అన్నాను.

కాసేపటికి తేరుకుని చెప్పాడు. "దిగ్గానే రాతి సందులో ఇరుక్కుందే. మల్లీ కట్టుకుందామని ఇప్పేసి ఒగ్గేసేను. ఈలోపు కాలు బండల మజ్జిన పడిపోయింది. ఎంత అరిసేనో నీకేటి తెలుసు!"

నీళ్లు గెడ్డం దాకా వచ్చాయట. ముఖం పైకెత్తుకుని, బండని పట్టుకుని, సింహాచలం కంటబడేదాకా అలాగే ఉన్నాడట. అంతసేపూ నేను చేపలు కొలుస్తున్నాను, దేవుడా!

"మరి నాకు జవాబిచ్చిందెవరు?" అని అడిగాను.

నీళ్ల ఊపుకి తాడు కదిలి ఉంటుందన్నాడు బావ. నేనూ అదే నమ్ముదామని చూశాను. కానీ నీళ్లు తాడుని లాగితే లాగుతూనే ఉంటాయి, అడిగినప్పుడు మాత్రమే బదులు చెప్పవు. బావ నా చేతిలోంచి తాడు తీసుకుని ఒకసారి గుంజాడు. ఏమీ రాలేదు. సింహాచలం గుంజాడు. రాలేదు. "సూసేవా, ఏటీ లేదు" అంటూ బావ తాడు మళ్లీ నాకే ఇచ్చాడు.

గుంజకూడదనే అనుకున్నాను. చెయ్యి ఆగలేదు.

ఒక్కసారి. మెత్తగా. తాడు బిగిసి వదులవడం ముగ్గురం చూశాం.

"ఒగ్గెయ్ తల్లీ! ముందు ఒగ్గెయ్!" అని సింహాచలం నా వేళ్లు విడదీసి తాడుని నీళ్లలోకి విసిరేశాడు. ఏరు దిగువకి పారుతోంది. ఆ తాడు కొస మాత్రం ఎగువకి, ఆనకట్ట వైపుకి జారుకుంటూ పోయి మునిగిపోయింది. బావ కాలు సంగతి మరిచిపోయి నిలబడబోయి పడ్డాడు.

ఆ మడుగులో ఎవరైనా పోయారా అని తర్వాత సింహాచలాన్ని అడిగాను. తనకి తెలిసి ఎవరూ లేరన్నాడు. నీళ్ల సంగతి తెలిసిన ఒక ఇంజనీరుని అడిగితే, ఆనకట్ట కింద నీరు వెనక్కి తిరుగుతుంది, తాడు ఎగువకి పోవచ్చన్నాడు. సరే, ఒప్పుకున్నాను. జవాబు నాకొక్కదానికే ఎందుకొచ్చిందంటే మాత్రం నవ్వేశాడు. నాకూ తెలీదు. బావ అక్కడ ప్రాణాలు పట్టుకుని అరుస్తుంటే, బాగున్నానని అది నాకు మళ్లీమళ్లీ చెప్పింది. నేను నమ్మాను. భయమంతా అక్కడే.

బావ కాలు మానింది. ఇప్పుడు స్నానానికి వెళ్తే గడియ పెట్టనివ్వను. బయట నిలబడి బాగున్నావా బావా అని అడుగుతాను. "బాగున్నానే, ఏటి నీ గోల" అంటాడు లోపల్నుంచి. ఆ గొంతు బావదే. అయినా తలుపు తోసి కళ్లారా చూసుకుంటేగానీ నాకు ఊపిరాడదు.