నాలుగో నంబరు మీద ఎవరు కూర్చున్నారు

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక, కోచింగ్ సెంటర్ల సందులో, లేడీస్ హాస్టళ్ల బోర్డుల కింద ఉంటుంది మా షాపు. మాది అంటున్నాను గానీ షాపు రాఘవేందరన్నది. జిరాక్సు, ప్రింటు, ఆన్‌లైన్ దరఖాస్తులు. గోడ వెంబడి నాలుగు కంప్యూటర్లు. నాలుగోది లోపలి మూలకు, ఫ్యాను గాలి సరిగా అందని చోట ఉంటుంది. ఇంటర్ మొదటి ఏడాదిలో నా చదువు ఆగిపోయింది. టైపింగ్ తప్ప ఇంకేమీ రాని నన్ను అన్న పనిలో పెట్టుకుని నాలుగేళ్లయింది.

మొదటి రోజే ఒక లావుపాటి రిజిస్టర్ నా ముందు పెట్టాడు. పేజీలన్నిటికీ పైన ఎర్ర సిరాతో నంబర్లు వేసి ఉన్నాయి.

"పోలీసోళ్లు ఎప్పుడన్న వచ్చి అడుగుతరు చెల్లె. ఎవరు కూసున్నరు, ఏ నంబర్ మీద, ఎన్ని గంటలకు, అన్నీ రాయాలె. మీ నాయిన వచ్చి కూసున్నా రాయాలె. నేను కూసున్నా రాయాలె."

"నువ్వు కూసున్నా రాయాల్నా అన్నా?"

"నేను సుత. షాపు నాదని కంప్యూటర్‌కు ఎర్కనా?"

నవ్వుతూ చెప్పాడు గానీ నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి ప్రతి పేరూ రాశాను. సంతకం గడిలో కస్టమర్ల చేత సంతకం పెట్టించాను. అన్న పేరు ముందు మాత్రం ఆ గడి ఖాళీగానే ఉండేది. అడగడానికి నాకు మొహమాటం.

అన్నకు ఈ సందులో మంచి పేరు. బ్యాంకు కార్డులో డబ్బులు పోతే, వెనక్కి రప్పించుకునే దరఖాస్తు రాయించుకోవడానికి సనత్‌నగర్ నుంచి కూడా వచ్చేవాళ్లు. ఆ ఫారంలో గడులు ఉంటాయి. 'ఈ చెల్లింపు నేను చేయలేదు' అని ఒకటి. 'ఒకే చెల్లింపు రెండుసార్లు కట్ అయింది' అని ఇంకొకటి. ఏ గడిలో టిక్ పెడతామన్నదే అసలు సంగతి. వచ్చినవాళ్లందరికీ మొదటి గడే కావాలి.

ఒకసారి రిజ్వాన్ అని, ఇళ్లకు పార్సిళ్లు చేరవేసే అతను వచ్చాడు. ఫోన్లో పేకాట ఆడి కార్డు ఖాళీ చేసుకున్నాడు.

"అన్నా, జర గా మొదటి డబ్బాల టిక్ కొట్టు. పైసలు వాపస్ వస్తయంట, మా దోస్త్ చెప్పిండు."

"ఓటీపీ కొట్టింది ఎవరు భాయ్? నీ ఏలే కదా?"

"ఏలు నాదే అన్నా. దిమాక్ నాది కాదు గా టైంల."

"అయితే దిమాక్ వాపస్ ఇయ్యమని రాస్త. పైసలకు రాయ."

జిరాక్సు కోసం నిలబడిన హాస్టల్ అమ్మాయిలు పకపకా నవ్వారు. రిజ్వాన్ కూడా నవ్వాడు. అన్న అతని స్టేట్‌మెంట్ తీసుకుని స్కేలు పెట్టి ఒక్కో వరుసా చూశాడు. ఒకచోట ఒకే మొత్తం రెండుసార్లు కట్ అయింది. ఆ ఒక్కదానికే దరఖాస్తు రాశాడు. నెల తర్వాత ఆ డబ్బులు వచ్చాయి. "అయినంత రాయాలె చెల్లె, కానిది రాయొద్దు. గా కంపెనీ వాడు రుజువులు పంపుతడు. అప్పుడు మనమే దొంగలమైతం" అన్నాడు నాతో.

అన్న భార్య సంగీత వదిన పంజాగుట్టలో ఒక చీరల షోరూంలో బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తుంది. ఆమె పేరు మీద ఒక క్రెడిట్ కార్డు ఉండేది. కోచింగ్ పిల్లలు పరీక్ష ఫీజు నగదు తెచ్చి ఇస్తే, మేము ఆ కార్డుతో ఆన్‌లైన్లో కట్టేవాళ్లం. వదినకు డ్యూటీలో ఫోన్ లాకర్లో పెట్టాలని రూలు. అందుకని ఓటీపీ మా కౌంటర్ మీద ఉండే షాపు ఫోన్‌కే వచ్చేటట్టు పెట్టుకున్నారు. రోజుకు పదిసార్లు కడుతూ కడుతూ కార్డు నంబరు నాకు నోటికి వచ్చేసింది.

మొన్నటి వానాకాలంలో అన్న మధ్యాహ్నాలు నాలుగో నంబరు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. రెండు నుంచి నాలుగు దాకా పిల్లలంతా క్లాసుల్లో ఉంటారు, షాపులో గిరాకీ ఉండదు. షాపు ఫోన్ పక్కన పెట్టుకునేవాడు. తెర గోడవైపు తిప్పి ఉండేది. అయినా వెనక స్టీలు బీరువా మీద ఎర్ర, నల్ల పేక ముక్కల నీడ కనిపించేది. వదిన ఫోన్ చేస్తే "ప్రెస్సుల ఉన్న, సనత్‌నగర్‌ల. బిల్లు బుక్కులు తయారైతున్నయ్" అనేవాడు. నేను తల వంచుకుని రిజిస్టర్లో రాసేదాన్ని. రాఘవేందర్, నాలుగు, 2.10 నుంచి 3.40. అలవాటుగానే రాశాను. ఎందుకు రాస్తున్నానో ఆలోచించలేదు.

ఒక మంగళవారం వదిన షాపుకు వచ్చింది. వాళ్లమ్మ కంటి ఆపరేషన్‌కు పంజాగుట్టలో ఆసుపత్రికి తీసుకుపోతే కార్డు పనిచేయలేదట. బ్యాంకుకు వెళ్లి స్టేట్‌మెంట్ తీయించుకుంది. పరీక్ష ఫీజుల మధ్య పదకొండు వరుసలకు పెన్నుతో సున్నాలు చుట్టింది. మొత్తం ఎనభై ఆరు వేలు. ఏవో డిజిటల్ సర్వీసెస్ అని పేరు.

"ఇవి ఏ పరీక్ష ఫీజులు?"

అన్న కాగితం చాలాసేపు చూశాడు. "గదే నాకు సుత సమజైతలేదు" అన్నాడు.

"ఎవడో నంబర్ కొట్టేసిండు. ఊరందరికీ రాస్తవు గదా, పెండ్లానికి రాయవా?"

"ఎందుకు రాయ. చెల్లె, ఫారం తియ్యి."

ఫారం తీశాను. వేళ్లు కీబోర్డు మీద పెట్టాను గానీ కదల్లేదు. అన్న నావైపు చూడకుండానే, "టైప్ చెయ్ చెల్లె" అన్నాడు. చేశాను. ప్రింటు వచ్చాక మొదటి గడిలో టిక్ తనే పెట్టాడు. వదిన సంతకం చేసింది. ఆ కాగితంలో నా చెయ్యి కూడా ఉందని సాయంత్రం ఇంటికి నడిచి పోతుంటే తెలిసొచ్చింది.

పది రోజులకు బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా కార్డులో తిరిగి వేసింది. ఆపరేషన్ అయిపోయింది. వదిన మిర్చి బజ్జీలు పట్టుకుని వచ్చింది. అన్న తన వంతు నావైపు జరిపాడు. "తిను చెల్లె, నాకు కడుపుల మంట." ఆ రోజుల్లో షాపు ఫోన్ మోగితే ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడేవాళ్లం. ముందుగా అందుకునేది అన్నే. కస్టమర్ అని తెలిశాకే కుర్చీలో వెనక్కి వాలేవాడు. మధ్యాహ్నాలు నాలుగో నంబరు దగ్గరికి పోవడం మానలేదు. వెళ్లి, ఆన్ చేయకుండా కూర్చుని లేచి వచ్చేవాడు.

ఆరో వారంలో బ్యాంకు ఉత్తరం వదిన చేతికి వచ్చింది. షోరూంలో పర్మిషన్ అడిగి నేరుగా షాపుకు వచ్చింది. ఆ డిజిటల్ సర్వీసెస్ కంపెనీ రుజువులు పంపింది. అది పేకాట ఖాతా. మా బోర్డు మీద రాసి ఉన్న షాపు ఈమెయిలుతోనే తెరిచారు. ఓటీపీలన్నీ సరిగా కొట్టారు. ఏడు రోజుల్లో పోలీసు ఫిర్యాదు కాపీ ఇవ్వాలి, లేకపోతే డబ్బు వెనక్కి తీసుకుంటారు.

"టైములు చూడు" అంది వదిన. "అన్నీ రెండు, నాలుగు మధ్యలనే. గప్పుడు నువ్వు ప్రెస్సుల ఉంటవు కదా?"

అన్న జిరాక్సు మెషీన్ వైపు నడిచాడు.

"మరి షాపుల ఉండేది ఎవరు?"

ఆమె నావైపు తిరిగింది.

"కార్డు నంబర్ నీకు నోటికి వచ్చు. ఫోన్ నీ ముంగటనే ఉంటది. నోట్ల నాలుక లేని పిల్ల అనుకున్ననే నిన్ను."

"వదినా, నేను..."

రిజిస్టర్ నా మోచేతి కిందే ఉంది. తెరిస్తే చాలు. తెరవలేకపోయాను. అన్నవైపు చూశాను. అన్న జిరాక్సు మెషీన్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరో ఆధార్ కాపీ ఒకటి అడిగితే, ఒకటి, రెండు, మూడు తీస్తూనే ఉన్నాడు. "ఒకటి చాలన్నా" అని అతను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"రేపు పదింటికి పంజాగుట్ట స్టేషన్‌కు పోదాం. ఈ పిల్ల పేరు రాయిస్త" అని చెప్పి వదిన వెళ్లిపోయింది.

అన్న ఆపలేదు. సాయంత్రం షట్టర్ వేసేటప్పుడు సొరుగులో ఉండాల్సిన రిజిస్టర్ తీసి సంచిలో పెట్టుకున్నాడు. నాలుగేళ్లలో ఎప్పుడూ అది ఇంటికి పోలేదు. "పోయొస్త చెల్లె" అని రోజూ అనే మాట కూడా అనలేదు.

బాపునగర్‌లో మా ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాను. "ఏమైందే?" అంది అమ్మ. "ఏం లేదు" అన్నాను. స్టేషన్‌కు అమ్మ రావాల్సి వస్తే ఏ చీర కట్టుకుంటుంది, ఇంట్లో మా ముసలి బాపమ్మను ఎవరు చూసుకుంటారు, బస్తీలో ఏమనుకుంటారు అని ఒకటే ఆలోచనలు. పేజీలు చింపేసి ఉంటాడు. చింపకుండా ఎందుకు ఉంచుతాడు? షాపు ఆయనది, పుస్తకం ఆయనది, పెళ్లాం ఆయనది. నాది ఆ చేతిరాత ఒక్కటే.

పొద్దున వెళ్లకూడదనుకున్నాను. వెళ్లకపోతే దొంగనే అంటారని వెళ్లాను.

షట్టర్ సగం తెరిచి ఉంది. వదిన నాలుగో నంబరు ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో రిజిస్టర్. పక్కన స్టేట్‌మెంట్. పెన్సిలుతో ఒక్కో వరుసా సరిచూస్తోంది. నేను మెట్టు మీదే ఆగిపోయి ఎర్ర నంబర్లు చూశాను. నలభై, నలభై ఒకటి, నలభై రెండు. ఒక్క పేజీ కూడా పోలేదు.

అన్న కౌంటర్ అవతల నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు.

"ఇదంత నువ్వే రాసినవా?" అడిగింది వదిన.

"అవును వదినా."

"మీ అన్న పేరు ఎందుకు రాసినవ్?"

"అన్ననే రాయమన్నడు."

"నేనే రాయమన్న" అన్నాడు అన్న వదినతో, తల ఎత్తకుండా. "చింపుదామనే తీస్కపోయిన. చెయ్యి రాలే. పేజీల నంబర్లు ఏసింది నేనేనాయె. పొద్దున లేవంగనే నీ చేతుల పెట్టిన."

వదిన రిజిస్టర్ మూసింది. నాతో, "కూసో. బ్యాంకుకు ఉత్తరం టైప్ చెయ్" అంది.

కూర్చున్నాను. అన్న చెప్పడం మొదలుపెట్టాడు. "పై పదకొండు చెల్లింపుల మీద ఇచ్చిన దరఖాస్తును వాపసు తీసుకుంటున్నాను. పొరపాటున..."

"పొరపాటు అని రాయకు సుకన్యా" అంది వదిన. "పదకొండుసార్లు పొరపాటైతదా? నా భర్త చేసిండు, నాకు చెప్పలేదు అని రాయి."

నేను అన్నవైపు చూడకుండా రాశాను.

"ఓటీపీ కొట్టింది ఎవరో సుత రాయి" అన్నాడు అన్న మెల్లగా. "బ్యాంకుల అదే అడుగుతరు."

అదీ రాశాను. ప్రింటు మీద ఇద్దరూ సంతకాలు చేశారు. వదిన కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, నా పక్కన ఒక్క క్షణం నిలబడింది. క్షమించమని అనలేదు. "పొద్దున తిన్నవా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. "తిను" అని చెప్పి పంజాగుట్ట బ్యాంకుకు పోయింది.

బ్యాంకు ఆ డబ్బు వెనక్కి తీసేసుకుంది. ఆపరేషన్ ఖర్చు, ఆట ఖర్చు ఇప్పుడు వాయిదాల మీద ఒకే బాకీగా నడుస్తున్నాయి. ఓటీపీ వదిన ఫోన్‌కే వచ్చేటట్టు మార్చుకుంది. పరీక్ష ఫీజులు పిల్లలు వాళ్ల ఫోన్లతో కట్టుకోవాల్సిందే. బ్యాంకు దరఖాస్తుల కోసం ఎవరైనా వస్తే అన్న కౌంటర్ నాకు వదిలేసి బయటికి పోతున్నాడు. రాయడం నాకు వచ్చేసింది.

నిన్న కూడా రెండు కొట్టింది. పిల్లలంతా క్లాసులకు పోయారు, సందు ఖాళీ అయింది. అన్న వేళ్లు కౌంటర్ అద్దం మీద కొట్టుకోవడం మొదలైంది.

"చెల్లె, నాలుగో నంబర్ మీద ఎవరన్న ఉన్నరా?"

"లేరన్నా."

వేళ్లు ఆగలేదు.

"ఎవరినన్న కూసోబెట్టు."

సందులోకి తొంగి చూశాను. ఎవరూ లేరు. రిజిస్టర్ తెరిచి నా పేరు రాశాను. నాలుగు, 2.05 నుంచి. సంతకం గడిలో సంతకం పెట్టాను. తర్వాత వెళ్లి ఆ మూల కుర్చీలో కూర్చున్నాను.